షీట్ మ్యూజిక్ యాప్ కొనేవాళ్లకు హెచ్చరిక: స్కోరు బయటికొస్తుంది, మీ రాతలు రావు

ట్యాబ్లెట్‌లో స్కోర్లు, అంటే స్వరాలు అచ్చువేసిన పేజీలు, పెట్టుకుని వాయించడానికి యాప్ కొనబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఒక పరీక్ష చేయండి. ఏదో ఒక స్కోరు మీద స్టైలస్‌తో నాలుగు గుర్తులు రాయండి. దాన్ని యాప్ నుంచి బయటికి పంపి, వేరే పీడీఎఫ్ రీడర్‌లో తెరవండి. రాసిన గుర్తులు అక్కడ కనిపించకపోతే, మిగతా హంగులు ఎన్నున్నా సరే, ఆ యాప్ జోలికి పోకండి. నేను వాడిన యాప్ నన్ను ముంచింది సరిగ్గా ఇక్కడే. దాని పేరు రాయడం లేదు. ఇలాంటి తీరు ఇంకే యాప్‌లోనైనా ఉండొచ్చు కాబట్టి మోసపోయే చోటు ఎక్కడుందో తెలియడమే మీకు ఎక్కువ పనికొస్తుంది.

నేను క్వయర్‌కు, అంటే బృందగానానికి, పియానో సహకారం వాయిస్తాను. రెండు చేతులూ మీటల మీదే ఉంటాయి కాబట్టి పేజీ తిప్పడం ఎప్పుడూ పెద్ద బాధ. కాలి కింద బ్లూటూత్ పెడల్, ఎదురుగా ట్యాబ్లెట్ వచ్చాక ఆ బాధ తీరింది. సగం పేజీ తిప్పే సదుపాయం ఇంకా బాగుంటుంది: పై సగంలో తర్వాతి పేజీ వచ్చేస్తుంది, కింది సగంలో ఇప్పుడు వాయిస్తున్న వరుసలు అలాగే ఉంటాయి. అందుకే ట్యాబ్లెట్ వద్దని నేను అనడం లేదు. మళ్లీ కాగితం కట్టలు మోయాలని నాకూ లేదు.

కానీ ఒక స్కోరులో అసలు విలువ ఎక్కడుందో ఆలోచించండి. అచ్చు నోట్లు మళ్లీ దొరుకుతాయి. కాపీరైట్ తీరిన పాత రచనలైతే 2006 నుంచి ఐఎంఎస్ఎల్‌పీ అనే ఉచిత స్కోర్ల వెబ్‌సైట్ లాంటి చోట ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి. దొరకనివి మనం రాసుకున్నవి. ఈ పాసేజ్‌కి ఏ వేలు, ఇక్కడ కండక్టర్ (బృందాన్ని నడిపించేవారు) ఎంత ఆగుతారు, ఏ బార్లు (నిలువు గీతల మధ్య తాళం గళ్లు) వదిలేస్తున్నాం, ఆల్టోలు (కింది స్థాయిలో పాడే ఆడగొంతులు) ఎక్కడ ఊపిరి తీసుకుంటారు, వాళ్లకు స్వరం అందించడానికి నేను ఎడమచేత్తో ఏం వాయించాలి, ఇవన్నీ రిహార్సల్స్‌లో ఒక్కొక్కటిగా చేరినవి. పాత కచేరీలోని పాటను మళ్లీ ఎత్తుకున్నప్పుడు మొదటి రిహార్సల్‌కే చేయి దారిలో పడుతుందంటే అది ఈ గుర్తుల పుణ్యమే.

యాప్ కొన్నప్పుడు 'ఒకసారి కొంటే చాలు, జీవితాంతం మీదే' అన్నారు. ఏళ్లపాటు బాగానే పనిచేసింది, ఆ మాట చెప్పకపోతే న్యాయం కాదు. తర్వాత ఒక అప్‌డేట్ దానంతటదే దిగింది. తెరిస్తే లాగిన్ అడిగింది. లాగిన్ అయ్యాక, గుర్తులు రాయడం, సెట్ లిస్టులు (కచేరీలో పాటల వరుస) మార్చడం ఇకపై సబ్‌స్క్రిప్షన్‌లో భాగమని తేలింది. పాతగా కొన్నవాళ్లు స్కోర్లు చూడొచ్చు, రాసినవి చదువుకోవచ్చు, కొత్తగా ఒక్క గీత కూడా గీయలేరు. రిహార్సల్‌లో కండక్టర్ 'ఇక్కడ రెండు బార్లు తీసేయండి' అంటే అందరూ పెన్సిల్‌తో కొట్టేశారు. నా ముందున్న స్క్రీన్ మీద మాత్రం ప్లాన్ల పట్టిక వచ్చి నిలబడింది.

సరే, మన సామాను తీసుకుని వేరే యాప్‌కి వెళ్లిపోదాం అనుకున్నాను. అసలు కథ అక్కడ మొదలైంది.

ఎక్స్‌పోర్ట్ నొక్కితే పీడీఎఫ్‌లు వచ్చాయి. తెరిచి చూస్తే అన్నీ కొత్తగా కొన్నట్టు తెల్లగా ఉన్నాయి, ఒక్క గుర్తు లేదు. బ్యాకప్ అనే మీట విడిగా ఉంది. అది ఇచ్చిన ఫైలును ఆ యాప్ తప్ప మరేదీ తెరవదు. సపోర్ట్‌కు రాస్తే, గుర్తులతో సహా ఎక్స్‌పోర్ట్ చేయడం పై ప్లాన్‌లో ఉందని, కట్టమని జవాబు వచ్చింది. నేను రాసుకున్న వేలి అంకెలను నాకే అమ్ముతున్నారన్నమాట. వేరే దారి లేక కట్టాను.

కట్టాకైనా పని సాఫీగా జరగలేదు. ఒకేసారి అన్నీ బయటికి రావు, ఒక్కో స్కోరు తెరిచి ఒక్కోటిగా పంపాలి. వచ్చిన పేజీలు మసకగా ఉన్నాయి. నోట్లనూ గుర్తులనూ కలిపి ఒకే బొమ్మగా మార్చి, రిజల్యూషన్ తగ్గించి ఇచ్చారు. పెద్దది చేసి చూస్తే లెడ్జర్ లైన్లు (అయిదు గీతలకు పైనా కిందా వచ్చే చిన్న గీతలు) ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపిస్తున్నాయి. అంచులు కత్తిరించి వాడిన స్కోర్లలో పరిస్థితి ఇంకా ఘోరం. గుర్తులు పక్కకు జరిగిపోయాయి, మూడో వేలి అంకె ఉండాల్సిన నోటు దాటి తర్వాతి బార్‌లో కూర్చుంది. తప్పుడు చోట ఉన్న వేలి అంకె అసలు లేకపోవడంకన్నా ప్రమాదం, వేగంగా వాయించేటప్పుడు కన్ను దాన్నే నమ్ముతుంది. సెట్ లిస్టులు రానే రాలేదు. స్కోరు శీర్షిక, స్వరకర్త పేరు, శ్రుతి అన్నీ నేను శ్రద్ధగా నింపుకున్నవే, కానీ బయటికొచ్చిన ఫైళ్లకు అంకెలతో ఏవో సంకేతాలు పేర్లుగా ఉన్నాయి. ఏది ఏ పాటో తెరిచి చూస్తే తప్ప తెలియదు.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే కొనేముందే పసిగట్టొచ్చు. పీడీఎఫ్ అనేది అందరికీ తెరిచి ఉన్న ప్రమాణం, 2008లో ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం కూడా అయింది. పేజీ మీద చేత్తో గీసిన గీతలను భద్రపరిచే పద్ధతి ఆ ప్రమాణంలోనే ఉంది. అలా భద్రపరిస్తే వేరే రీడర్‌లోనూ అవి కనిపిస్తాయి. కానీ యాప్ మీ గీతలను పీడీఎఫ్‌లో రాయకుండా తన సొంత డేటాబేస్‌లో విడిగా దాచి, చూపించేటప్పుడు పేజీ మీద పరిచి చూపించవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, తేడా బయటికి తీసినప్పుడే తెలుస్తుంది. విడిగా దాచడంలో తప్పేమీ లేదు, దానివల్ల అసలు ఫైలు చెడిపోకుండా ఉంటుంది, పొరలు పొరలుగా రాసుకోవచ్చు. బయటికి తీసే దారి సరిగ్గా ఇవ్వకపోవడమే తప్పు. అలాంటి యాప్‌లో రాసినవి అద్దె ఇంటి గోడ మీద రాసుకున్నవాటితో సమానం, ఇల్లు మారితే వెంట రావు.

అందుకే పరీక్ష కొంచెం గట్టిగా చేయమంటున్నాను. ఉచిత గడువు ఉండగానే ఒక స్కోరు ఎక్కించి, అంచులు కత్తిరించి, ఆ తర్వాతే గుర్తులు రాయండి. ఒక పేజీని తిప్పి పెట్టండి, మరో పేజీ వరుస మార్చండి. పల్లవి దగ్గరికి వెనక్కి దూకడానికి లింక్ పెట్టండి, సెట్ లిస్ట్ ఒకటి చేయండి. ఇప్పుడు బయటికి తీసి కంప్యూటర్‌లో తెరవండి. గుర్తులు ఉన్నాయా, ఉన్నచోటే ఉన్నాయా, నోట్లు పదునుగా ఉన్నాయా చూడండి. గీత మీద నొక్కితే అది విడిగా ఎంచుకోబడుతుంటే అది ప్రామాణిక పద్ధతిలో వచ్చిందని అర్థం. పేజీలో కలిసిపోయి ఉంటే ఇక చెరపలేరు. దాచుకోవడానికి అదీ మంచిదే, స్పష్టంగా ఉంటే చాలు. లింకులు, సెట్ లిస్టులు ఒక యాప్ నుంచి మరోదానికి వెళ్లడం అరుదు. వాటిని పోగొట్టుకోవడానికి సిద్ధపడి, కచేరీ వరుసను విడిగా ఒక టెక్స్ట్ ఫైలులో రాసి పెట్టుకోండి.

ట్యాబ్లెట్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, యాప్‌ను పూర్తిగా మూసి, మళ్లీ తెరవడం కూడా పరీక్షలో భాగమే. వేదిక దగ్గర నెట్ ఉంటుందన్న నమ్మకం లేదు. లైసెన్స్ సరిచూసుకోవాలంటూ లాగిన్ తెర దగ్గరే ఆగిపోయే యాప్ కచేరీకి పనికిరాదు. స్కోర్లు క్లౌడ్‌లో ఉండి, తెరిచినప్పుడే దిగుమతి అయ్యే యాప్‌లలో ఇంకో చిక్కుంది: జాబితాలో పేరు కనిపిస్తుంది, నొక్కితే పేజీ రాదు. పనిలో పనిగా పెడల్ కూడా కలిపి చూడండి. బ్లూటూత్ పెడల్స్ చాలావరకు తమను తాము కీబోర్డుగానే పరిచయం చేసుకుని, బాణం మీటో పేజీ డౌన్ మీటో నొక్కినట్టు సంకేతం పంపుతాయి. అందుకే పెడల్ కలిసి ఉన్నప్పుడు తెరమీది కీబోర్డు పైకి రాకపోవచ్చు, పాట పేరు వెతకబోయి కంగారు పడకండి.

ఇక్కడ చాలామందికి తెలియని పెద్ద గండం ఒకటుంది. యాప్ మొరాయిస్తే 'ఒకసారి తీసేసి మళ్లీ వేసుకోండి' అని సలహా ఇస్తుంటారు. స్కోర్ యాప్ విషయంలో ఆ మాట అస్సలు వినకండి. ఐప్యాడ్‌లో యాప్‌ను డిలీట్ చేస్తే దాని లోపల ఉన్న పత్రాలన్నీ దాంతోపాటే పోతాయి. ఆఫ్‌లోడ్ అనేది వేరు, అది యాప్‌ను మాత్రమే తీసి పత్రాలను ఉంచుతుంది. ఆండ్రాయిడ్‌లో కూడా యాప్ తన సొంత ఫోల్డర్‌లో దాచుకున్నవి అన్‌ఇన్‌స్టాల్‌తో చెరిగిపోతాయి. సింక్ ఉందిగా అనే ధైర్యం కూడా పనికిరాదు. సింక్ ఒకచోట చెరిగినదాన్ని మిగతాచోట్లా చెరిపేస్తుంది. బ్యాకప్ అంటే యాప్ చేయి పడని చోట ఉన్న నకలు.

'జీవితాంతం' అనే మాట గురించి కూడా కొంచెం. అది ఎవరి జీవితమో షరతుల్లో చదవండి. ఇప్పటి వెర్షన్‌కు మాత్రమేనా, ముందు వచ్చేవాటికి కూడానా అన్నది స్పష్టంగా రాసి ఉండాలి. ఆండ్రాయిడ్‌లో కొన్నది ఐప్యాడ్‌లో మామూలుగా చెల్లదు, రెండు దుకాణాలూ వేర్వేరు. ట్యాబ్లెట్ మార్చే ఆలోచన ఉంటే ముందే లెక్కేసుకోండి. యాప్ లోపలి దుకాణంలో స్కోర్లు కొనడానికి నేను ఒప్పుకోను. వాటికి తాళం ఉంటే ఆ యాప్‌లోనే కనిపిస్తాయి, బయటికి రావు, యాప్ మూతపడితే అవీ పోతాయి. పీడీఎఫ్‌గా చేతికిచ్చే ప్రచురణకర్త దగ్గర కొనడమే మేలు. మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ (నోట్లను మార్చుకోవడానికి వీలుగా దాచే ఫైలు రకం) కూడా ఇస్తే ఇంకా మంచిది, దాన్ని మ్యూస్‌స్కోర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి శ్రుతి మార్చుకోవచ్చు.

స్క్రీన్ గురించి ప్రకటనలు చెప్పేవి నమ్మేముందు ఒక్క లెక్క చూడండి. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 ఎత్తు. 16:10 కొలతలో ఉన్న 10.1 అంగుళాల ట్యాబ్లెట్‌ను నిలువుగా పెడితే తెర వెడల్పు దాదాపు 136 మిల్లీమీటర్లే, అంటే పేజీ 65 శాతానికి కుదించుకుపోతుంది. 4:3 కొలతలో 12.9 అంగుళాల తెర మీద అదే పేజీ 88 శాతం దాకా కనిపిస్తుంది. వయొలిన్‌కో ఫ్లూట్‌కో ఒక్క వరుస చదివేవాళ్లు చిన్నదానితో నెట్టుకురాగలరు. మూడు నాలుగు గొంతుల వరుసలూ పియానో వరుసలూ ఒకే పేజీలో చదవాల్సిన నాలాంటివాళ్లకు అది కళ్లకు శిక్షే. యాప్ మీద కోపం ఎంతున్నా, చిన్న తెర ఇబ్బందిని దాని ఖాతాలో వేయడం సరికాదు.

ఇప్పుడు నా అసలు పీడీఎఫ్‌లన్నీ కంప్యూటర్‌లో ఉంటాయి, స్వరకర్త, పాట, శ్రుతి ఫైలు పేరులోనే ఉంటాయి. ప్రతి కచేరీ తర్వాత గుర్తులతో ఉన్న నకలు బయటికి తీసి పక్కన పెడుతున్నాను. కచేరీల కాలంలో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేస్తాను. పక్కకు జరిగిన గుర్తులను మళ్లీ రాయడం ఇంకా సాగుతూనే ఉంది, కొన్ని పాటలకు నేను ఏ వేళ్లు వాడానో చేతికి తప్ప నాకు గుర్తు లేదు.

ఉచిత గడువులో పరీక్ష చేసి నచ్చక వదిలేసేవాళ్లకు చివరిగా ఇది: యాప్‌ను తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు, ఆపిల్‌లోనైనా గూగుల్ ప్లేలోనైనా అంతే. ఖాతాలోని సబ్‌స్క్రిప్షన్ల పేజీకి వెళ్లి అక్కడే రద్దు చేయాలి. ఆపిల్‌లో అయితే గడువు ముగియడానికి కనీసం 24 గంటల ముందే చేయాలి. అంతకన్నా ముందు, పరీక్ష కోసం ఎక్కించిన స్కోరు మీద పనికొచ్చే గుర్తులేమైనా రాసి ఉంటే వాటిని బయటికి తీసుకోండి.