మూడున్నర అంగుళాలు ఎత్తిన గ్లాడియేటర్‌కు పొడుగు బ్రేక్ గొట్టాలు: నాలుగేళ్ళ వాడకం తర్వాత

డాలస్ శివార్లలో ఉంటూ, ఏడాదికి రెండు మూడు సార్లు బిగ్ బెండ్ నేషనల్ పార్కులోని రాళ్ళ దారుల్లో తిరగడానికి నేను వాడుతున్న బండి 2020 మోడల్ జీప్ గ్లాడియేటర్ రూబికాన్ పికప్. 2021లో దానికి బండిని మూడున్నర అంగుళాలు ఎత్తు చేసే లిఫ్ట్ కిట్, 35 అంగుళాల టైర్లు వేయించాను. ఆ కిట్‌లో పొడుగు బ్రేక్ గొట్టాలు లేవు. బండితో వచ్చిన గొట్టాలనే ఫ్రేము దగ్గర కొంచెం కిందికి దించి బిగించే ఇనుప పట్టీలు మాత్రం ఉన్నాయి. ఇవి చాలునని షాపువారు చెప్పారు, తారు రోడ్డు మీద నిజంగానే చాలాయి కూడా. అందుకే ఆరు నెలల పాటు నాకు అనుమానం రాలేదు.

ఒక ప్రయాణానికి ముందు మా బావమరిదీ నేనూ ఇంట్లోనే పరీక్షించాం. ఫ్రేము కింద స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలు ఊడదీసి, స్వే బార్ (బండి పక్కకు ఒరగకుండా రెండు చక్రాల కదలికనూ కలిపి ఉంచే కడ్డీ) లింకులు విప్పి, ఇరుసు కుడి కొసను జాకీతో పైకెత్తి, ఎడమ కొసను షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగేంత వరకు కిందికి వేలాడనిచ్చాం. ఆ స్థితిలో స్టీరింగు ఒక కొస నుంచి మరో కొసకు తిప్పినప్పుడు ఎడమ గొట్టం చూసి అతను, "బావా, ఇది బట్టలారేసే తీగలా బిగుసుకుపోయింది" అన్నాడు. బ్రేక్ ప్యాడ్లను అదిమే కాలిపర్ దగ్గర కొత్తగా మెరుస్తున్న వంపు గుర్తును బట్టి అది అలా లాగబడడం మొదటిసారి కాదని అర్థమైంది.

కాబట్టి గొట్టం పొడవు చాలుతుందా అన్నది బండిని ఎన్ని అంగుళాలు ఎత్తామన్న దాన్ని బట్టి తేలదు. చక్రం ఫ్రేము నుంచి గరిష్ఠంగా ఎంత కిందికి జారగలదు, ఆ స్థితిలో ఎంత తిరగగలదు అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆ జారుడుకు హద్దు గీసేది ప్రధానంగా షాక్ అబ్జార్బర్ పొడవు. పైగా రూబికాన్‌లో బటన్ నొక్కి ముందు స్వే బార్‌ను విడగొట్టే వీలుంది గనుక, రాళ్ళ మీద ఒక్కో చక్రం మామూలు కంటే చాలా ఎక్కువ వేలాడుతుంది. సస్పెన్షన్‌ను ముట్టుకోకుండా ఫ్రేముకూ బాడీకీ మధ్య దిమ్మెలు పెట్టి ఎత్తే బాడీ లిఫ్ట్ సంగతి వేరు: అక్కడ చక్రాల దగ్గరి గొట్టాలకు ఏమీ కాదు, బాడీకి ఉన్న మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కినప్పుడు బ్రేక్ ఫ్లూయిడ్‌ను తోసేది) నుంచి ఫ్రేముకు దిగే లైన్లను చూసుకోవాలి. ముందు చక్రాలు ఒకే ఇరుసుకు కాక దేనికది విడిగా కదిలే స్వతంత్ర సస్పెన్షన్ ఉన్న పికప్‌లలో స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన భాగం) పైన అంగుళం దిమ్మె పెడితే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాల తేడా వస్తుంది. దిమ్మె మందం చూసి మోసపోకూడదు.

నాలుగు చక్రాలకూ స్టీలు అల్లికతో ఉన్న పొడుగు గొట్టాలు తెప్పించుకున్నాను. 200 డాలర్ల లోపే అయింది. అమెరికా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 106 ప్రకారం ఉండవలసిన డాట్ (అమెరికా రవాణా శాఖ) ముద్ర వాటి మీద ఉందో లేదో చూసి మరీ తీసుకున్నాను. రబ్బరు గొట్టం కంటే ఇవి ఒత్తిడికి తక్కువ ఉబ్బుతాయి కాబట్టి పెడల్ గట్టిపడుతుందని అమ్మేవారు ఊరిస్తారు. నాకు తెలిసిన తేడా స్వల్పం, అందులోనూ సగం పాత ఫ్లూయిడ్ తీసి కొత్తది నింపినందువల్ల వచ్చిందే అయి ఉంటుంది. పాత రాగి వాషర్లనే తిరిగి వేయడం నా పిసినారితనం. రెండో రోజుకే ఒక జాయింటు చెమర్చింది, కొత్తవి వేసి బ్రేక్ లైన్లలోని గాలి మళ్ళీ తీయాల్సి వచ్చింది. ఆ గొడవలో ఒలికిన ఫ్లూయిడ్ ఫెండర్ మీద అరచేయంత మేర రంగు తినేసింది.

ఈ నాలుగేళ్ళలో 40 వేల మైళ్ళు తిరిగినా గొట్టాలు కారలేదు. అయితే స్టీలు అల్లిక ఆకురాయి లాంటిది. ముందు కుడి చక్రం వేగాన్ని కొలిచే సెన్సార్ తీగ మీది తొడుగును ఏడాదిలో సగం అరగదీసింది, దాంతో రెండిటినీ విడదీసి గొట్టానికి ప్లాస్టిక్ తొడుగు వేశాను. ఆ తీగలకూ, ఇరుసు గాలి గొట్టానికీ, డిఫరెన్షియల్ లాకర్ (ఇరుసు మీది రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిప్పించేది) వైరుకూ కూడా తగినంత వదులు ఉండాలి. బ్రేకు గొట్టం ఒక్కటే మార్చి వీటిని మరచిపోయినవారిని చూశాను. వెనక గొట్టాలు మార్చడం మాత్రం నా అనవసరపు ఖర్చు. పాతవాటిలో ఇంకా వేలెడు వదులు ఉండేది, కొత్తవి ఎక్కువై, సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు చక్రం లోపలి అంచుకు రాసుకున్నాయి. అదనంగా క్లిప్పు వేసి లోపలికి లాక్కున్నాను.

2025 నుంచి టెక్సస్‌లో సొంత వాహనాలకు ఏటా జరిగే భద్రతా తనిఖీ ఎత్తేశారు. కనుక టైర్ల స్థానాలు మార్చినప్పుడల్లా చక్రాన్ని వేలాడనిచ్చి నేనే చూసుకుంటున్నాను. పోయిన నెల చూసినప్పుడు ముందు ఎడమ గొట్టంలో, స్టీరింగు పూర్తిగా తిప్పాక కూడా, రెండంగుళాల వదులు మిగిలి ఉంది.