గుంటూరు పెరట్లో జెరూసలేం ఆర్టిచోక్: నాలుగు పంటల తర్వాత

సంక్రాంతికి తవ్విన దుంపని మార్చిలో ఫ్రిజ్‌లోంచి తీసి పచ్చిగా కొరికితే ఒక తీపి వస్తుంది. దాని కోసమే నాలుగేళ్లుగా ఈ మొక్కని వదలకుండా పెంచుతున్నాను. తవ్విన రోజు కొరికితే కరకరలాడుతుంది గానీ పెద్ద రుచేమీ ఉండదు. రెండు నెలలు చలిలో ఉంటే మాత్రం లేత కొబ్బరికి కాస్త బెల్లం తగిలినట్టు ఉంటుంది.

నేను వేసింది రెడ్ ఫ్యూజో అనే పాత రకం. ఫ్యూజో అంటే ఫ్రెంచిలో కదురు. దుంప కూడా అలాగే కోలగా, చివర్లు సన్నగా, ఎర్రటి తోలుతో ఉంటుంది. కొన్ని రకాలకి అల్లం కొమ్ముల్లా బుడిపెలు ఉంటాయి, ఆ సందుల్లో మట్టి ఒక పట్టాన వదలదు. దీనికి ఆ బాధ తక్కువ. పొద్దుతిరుగుడు జాతి మొక్క కాబట్టి మా అమ్మ దీన్ని పొద్దుతిరుగుడు దుంప అంటుంది. ఇంట్లో ఆ పేరే స్థిరపడింది.

మొదటి ఏడాది ఆరు దుంపలు తెప్పించి తొలకరి పడ్డాక నాటాను. సంక్రాంతి ముందు తవ్వితే ఆరు కిలోల పైనే వచ్చాయి. ఆనందం పట్టలేక వీధిలో అందరికీ చూపించాను. ఆ తర్వాత బంగాళాదుంపల్లాగే ఇవీ ఉంటాయనుకుని, ఉల్లిపాయల బుట్ట ఖాళీ చేసి అందులో పోసి వంటగట్టు కింద పెట్టాను. ఐదో రోజుకే వేలితో నొక్కితే లోపలికి పోయేంత మెత్తబడ్డాయి. పదో రోజుకి ముడతలు పడిపోయాయి. అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇదేంటే, కల్లంలో ఎండిన మిరపకాయలా అయింది!" అంది. ఆరు నెలలు నీళ్లు పోసి, కలుపు తీసి పెంచుకున్న పంట. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

తర్వాత తెలిసింది, తప్పంతా తోలు దగ్గర ఉందని. బంగాళాదుంప తోలు లోపలి నీటిని పట్టి ఉంచుతుంది. దీని తోలు కాగితమంత పలచన, గాలి తగిలితే చాలు నీరంతా బయటికి పోతుంది. మిర్చిని కోల్డ్ స్టోరేజీలో దాచే ఊరు మాది, ఈ దుంపకి కావలసిందీ ఆ చలే. ఇంకా గట్టిగా ఉన్నవి ఓ కిలో ఏరి, చెమ్మగా ఉన్న ఇసుకలో పొరలు పొరలుగా పేర్చి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కూరగాయల ట్రేలోకి తోశాను. ఇసుక పిండితే చుక్క కారకూడదు, చేతికి చల్లగా తగలాలి.

మార్చిలో ఒకరోజు ఆ డబ్బా తీశాను. దుంపలు తవ్వినప్పటిలాగే గట్టిగా ఉన్నాయి. ఒకటి కడిగి కోసి నోట్లో వేసుకున్నాను, తియ్యగా ఉంది! ఈ దుంపలో పిండి బదులు ఇనులిన్ అనే పీచు పదార్థం ఉంటుంది. అది మనకి అరగదు, పెద్దపేగులో పులుస్తుంది, అందుకే గ్యాస్ పడుతుంది. చలిలో ఉండేకొద్దీ అది విడిపోయి కొంత ఫ్రక్టోజ్‌గా, అంటే పండ్లలో ఉండే చక్కెరగా మారుతుంది. తీపి పెరుగుతుంది, పొట్ట ఉబ్బరం తగ్గుతుంది. జూన్‌లో నాటినప్పుడు కూడా ఫ్రిజ్‌లో ఉన్నవే మొలిచాయి. బయట మట్టి కుండీలో దాచిన నాలుగూ కదల్లేదు. దీనికి నిద్ర వదలాలన్నా చలే కావాలి.

అప్పట్లో "ఒకసారి వేస్తే చాలు, మళ్ళీ విత్తనం కొననక్కర్లేదు" అని అందరికీ చెప్పాను. చలి దేశాల్లో అది నిజమే, అక్కడ కలుపులా అల్లుకుపోతుంది. మాది నల్లరేగడి. మేలో నేల నెర్రెలిచ్చినప్పుడు అందులో వదిలేసినవి ఎండిపోయాయి. మునగచెట్టు నీడలో, పంపు నీళ్లు పారే చోట ఉన్నవే తిరిగి లేచాయి. వానల్లో నీరు నిలిచిన చోట మొక్క మొదట్లో తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి గింజలు కనిపించాయి. వేరుశనగ రైతులు గుర్తుపట్టే తెగులే అది. మడి ఎత్తు చేశాక తగ్గింది.

షుగర్ ఉన్నవాళ్లకి మంచిదని పక్కింటి పిన్నిగారికి గట్టిగా చెప్పాను. ఆ మాట అప్పుడే తవ్విన దుంపకి సరిపోతుందేమో గానీ, నాకిష్టమైన మార్చి దుంపకి అంతగా సరిపోదు. అమ్మకి షుగర్ ఉంది. తనకి జనవరిలోనే, అదీ నాలుగు ముక్కలే పెడతాను.

వండితే వేపుడు కన్నా పులుసే మా ముగ్గురికీ పడింది. ముక్క ముందు విడిగా ఉడికించుకోవాలి. చింతపండు రసం ముందే పోస్తే ఎంతకీ మెత్తబడదు.

మాకు పెరడు ఉంది, ఫ్రిజ్‌లో కింది ట్రే నాకు వదిలేశారు. ఈ రెండూ లేని అపార్ట్‌మెంట్ వాళ్లకి నేను ధైర్యంగా వేయమని చెప్పలేను. వేసేవాళ్లు రెండు దుంపలతో మొదలుపెడితే మేలు.

ఈసారి ఇరవై దుంపలు నాటడానికి పక్కన పెట్టాను. మిగతావి మార్చి దాకా ముట్టకూడదనుకున్నాను గానీ ఫిబ్రవరి చివర్లోనే ఒక డబ్బా తీశాను. తీపి అప్పటికే వచ్చేసింది.