నోహప్ వాడాలా, టీమక్స్ వాడాలా?

శ్రీకాకుళంలో ఇంటి నుంచి దూరపు సర్వర్‌లో పని చేసేవాళ్లకి గాలివాన వస్తే టెన్షనే. 2018లో తిత్లీ తుపాను తర్వాత జిల్లాలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. ఎస్ఎస్‌హెచ్ (దూరపు సర్వర్‌కి కలిపే కనెక్షన్) తెగితే, లైను తెగిందని చెప్పే హ్యాంగప్ సిగ్నల్ వెళ్లి, నడుస్తున్న స్క్రిప్టు సాధారణంగా ఆగిపోతుంది. దాన్ని కాపాడే దారులు రెండు: ఆ సిగ్నల్‌ని పట్టించుకోకుండా ప్రోగ్రాంని నడిపించే నోహప్ (nohup), మనం బయటికొచ్చినా సర్వర్‌లో సెషన్‌ని నిలిపి ఉంచే టీమక్స్ (tmux).

ఖర్చు: రెండూ ఉచితమే. నోహప్ దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది, టీమక్స్‌ని చాలాచోట్ల ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

శ్రమ: నోహప్‌కి కమాండు ముందు ఆ పేరు, చివర ఆంపర్‌శాండ్ (&), అంతే. టీమక్స్‌లో కంట్రోల్-బి, తర్వాత డి నొక్కి బయటికి రావడం, అటాచ్ కమాండుతో తిరిగి చేరడం నేర్చుకోవాలి. ఒక్క పూట చాలు.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. నోహప్‌తో వదిలిన ప్రోగ్రాం మధ్యలో "అవునా, కాదా" అని అడిగితే జవాబిచ్చే దారి లేదు. ప్రాసెస్ నంబరుని (నడుస్తున్న ప్రోగ్రాంకి సిస్టమ్ ఇచ్చే నంబరు) వెంటనే ఫైల్లో రాసుకోవాలి, లేకపోతే తర్వాత వెతుకులాటే. అవుట్‌పుట్ మాత్రం మొత్తం ఫైల్లో ఉంటుంది. టీమక్స్‌లో తిరిగొచ్చి జవాబివ్వచ్చు, కానీ మామూలు సెట్టింగులో పైకి జరిపి చూడ్డానికి చివరి 2000 లైన్లే మిగులుతాయి. లాగ్ (అవుట్‌పుట్ రికార్డు) విడిగా ఫైల్లో రాయించుకోండి.

సర్వర్ రీబూటైతే రెండూ పోతాయి. ఎప్పుడూ నడవాల్సిన పనికి సిస్టమ్‌డీ (సర్వర్‌లో ప్రోగ్రాంలని మొదలుపెట్టి చూసుకునే లినక్స్ భాగం) సర్వీసే సరైనది.

రాత్రి బ్యాకప్ లాంటి, ఏమీ అడగని పనికి నోహప్ చాలు. డేటాబేస్ మార్పులకి, పెద్ద అప్‌గ్రేడ్‌కి టీమక్స్ లేకుండా మొదలుపెట్టకండి.