లక్సర్‌లో రెండు టుటన్‌ఖామున్ సమాధులు: ముందు నకలు చూడండి

ఈజిప్టులోని లక్సర్ వెళ్లేవాళ్లలో చాలామంది, ప్రాచీన రాజుల సమాధులున్న రాజుల లోయలో, చిన్న వయసులోనే చనిపోయిన రాజు టుటన్‌ఖామున్ సమాధి చూసి, దారిలోనే ఉన్న దాని నకలును వదిలేస్తారు. మా గైడ్ కూడా "అసలుదే చూస్తున్నారు కదండీ, నకలు దేనికి?" అన్నాడు. నా సలహా మాత్రం, ముందు నకలే చూడండి. అది చూశాకే అసలుదానిలో ఏం చూడాలో నాకు తెలిసింది.

నకలు, 1922లో ఈ సమాధిని కనుక్కున్న హోవార్డ్ కార్టర్ నివసించిన ఇంటి ఆవరణలో ఉంది. 2014లో తెరిచారు. మాడ్రిడ్‌కి చెందిన ఫ్యాక్టమ్ ఆర్టే బృందం 2009లో అసలు సమాధి గోడలను స్కాన్ చేసింది. సన్నటి లేజర్ గీత గోడ మీద పడి ఎక్కడెక్కడ వంగుతుందో కెమెరాలు పట్టుకుంటాయి. గోడను ఎవరూ తాకనక్కర్లేదు. ఆ కొలతలతో యంత్రం వేరే పలకల మీద గోడ ఎగుడుదిగుళ్లను యథాతథంగా చెక్కుతుంది. రంగులను విడిగా ఫొటోలు తీసి, పల్చటి సాగే పొర మీద అచ్చువేసి, చెక్కినదానికి అతికిస్తారు. పగుళ్లు, ఊడిన పెచ్చులు, బొమ్మల మీది గోధుమరంగు మచ్చలు కూడా అలాగే వచ్చాయి. ఆ మచ్చలు ఒకప్పటి సూక్ష్మజీవులవి. అవి ఎప్పుడో చచ్చిపోయాయని, పెరగడం లేదని పురాతన కట్టడాల పరిరక్షణ చూసే గేటీ సంస్థ నిపుణులు తేల్చారు. రంగులోకి ఇంకిపోయాయి కాబట్టి తీయడానికి లేదు.

మేం వెళ్లినప్పుడు అక్కడ దాదాపు ఎవరూ లేరు. కోతుల బొమ్మల వరుస ముందు ఎంతసేపు నిలబడినా కదలమన్నవాళ్లు లేరు. అన్నిటికన్నా నన్ను ఆపేసింది అసలు సమాధిలో ఇప్పుడు లేని ఒక గోడ ముక్క. లోపలి పెద్ద మందసాలను బయటికి తేవడానికి కార్టర్ బృందం దక్షిణపు గోడలో కొంత భాగం పగలగొట్టింది. ఐసిస్ దేవత, ఆమె వెనుక కూర్చున్న ముగ్గురు దేవతలు ఆ ముక్కతోనే పోయారు. కార్టర్ బృందంలోని ఫొటోగ్రాఫర్ హ్యారీ బర్టన్ అప్పట్లో తీసిన నలుపు తెలుపు ఫొటో ఆధారంగా దాన్ని మళ్లీ తయారుచేసి ఇక్కడ విడిగా పెట్టారు. ఈ విషయంలో అసలుదాని కన్నా నకలే ఎక్కువ చూపిస్తోంది!

స్కాన్ ఫలితాలను అందరికీ అందుబాటులో పెట్టడం వల్ల ఇంకో మేలు జరిగింది. ఆ గోడల వెనుక గదులు దాగి ఉండొచ్చని ఈజిప్టు చరిత్ర పరిశోధకుడు నికొలస్ రీవ్స్ 2015లో ప్రతిపాదించింది వాటిని పరిశీలించే. 2018లో ఇటలీ బృందం రాడార్‌తో చూసి ఏమీ లేవని చెప్పింది. అయినా, గోడ మీద చెయ్యి వెయ్యకుండా ఇంత చర్చ జరగడం నాకు గొప్పగా అనిపించింది.

ఇక అసలు సమాధి. లోయ టికెట్‌తో మూడు సమాధులు చూడొచ్చు గానీ దీనికి వేరే టికెట్ కొనాలి. చిన్న గది, జనం ఎక్కువ, చిత్రాలను కాస్త దూరం నుంచే చూడాలి. చిత్రాల కోసమే అయితే నకలు చాలు. కానీ గాజు పెట్టెలో ఆ కుర్రరాజు దేహం ఉంది. నకలు సమాధిలో అది లేదు, ఉండకూడదు కూడా. మన ఊపిరిలోని తేమ, మనం మోసుకెళ్లే దుమ్ము ఆ గదికి చేటు. అందుకే లోపల తక్కువసేపు ఉండి వచ్చేశాం.

డబ్బు మిగిలితే అదే లోయలో ఉన్న మరో రాజు, మొదటి సేతి సమాధికి పెట్టండి. టికెట్ బాగా ఖరీదు, అయినా అంత అందమైన ఉబ్బుచెక్కడాలు లోయలో ఇంకెక్కడా నాకు కనబడలేదు. 1817లో ఇటలీకి చెందిన అన్వేషకుడు బెల్జోనీ దీన్ని కనుక్కున్నాక, తడి కాగితం అద్ది గోడల అచ్చులు తీసేవారు. కాగితంతోపాటు రంగూ ఊడొచ్చింది. లేజర్ విలువ నాకు అక్కడే బాగా అర్థమైంది. 2016లో ఈ సమాధినీ స్కాన్ చేయడం మొదలుపెట్టారు. ఈజిప్టు యువకులకే ఆ పని నేర్పుతున్నారు. వాళ్ల శిక్షణ కేంద్రం కార్టర్ ఇంటికి దగ్గర్లో, ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫాతీ కట్టిన మట్టి గుమ్మటాల ఇంట్లో ఉంది.

బస విషయానికొస్తే, నైలు నది తూర్పు ఒడ్డున పెద్ద హోటళ్లు, కర్నాక్ ఆలయం ఉన్నాయి. సమాధులే ముఖ్యమనుకుంటే పడమటి ఒడ్డున గెస్ట్‌హౌస్ తీసుకోండి. గదులు సాదా, ఊరు ప్రశాంతం, నది దాటే టెన్షన్ లేదు. తూర్పుకి వెళ్లాలంటే జనం ఎక్కే ఫెర్రీ ఉంది, చవక. టికెట్ కౌంటర్ల దగ్గర నగదు కాకుండా కార్డు అడగొచ్చు, దగ్గర ఉంచుకోండి. సందర్శకుల కేంద్రం నుంచి సమాధుల దాకా చిన్న ఎలక్ట్రిక్ బళ్లు తిరుగుతాయి. పెద్దవాళ్లతో వెళ్తే తప్పక ఎక్కండి. ముందురోజు మధ్యాహ్నం నకలు చూసేస్తే, మర్నాడు లోయ తెరిచే వేళకే, టూరు బస్సులు రాకముందే, అసలుదాని దగ్గర ఉండొచ్చు.