నీళ్లలో వేస్తే వారంటీ పోయే హైడ్రోఫోన్ అమ్ముతున్నారు, జాగ్రత్త

పాత కొలత పరికరాలు అమ్మే ఆ మహానుభావుడు ఎవరో ఇక్కడ చాలామందికి తెలుసు, పేరు అక్కర్లేదు. "ల్యాబ్‌లోనే వాడింది, కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉంది" అని అమ్మకానికి పెడితే నేను కొన్న హైడ్రోఫోన్ (నీళ్లలో శబ్దం పట్టే మైకు) సంగతే ఇది. ప్రీఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిన్న సర్క్యూట్) లేని మామూలు రకం, ఒత్తిడి తగిలితే వోల్టేజీ ఇచ్చే సిరామిక్ మీద రబ్బరు తొడుగు.

టేబుల్ మీద పెట్టి వేలితో తడితే ఆసిలోస్కోప్‌లో (సిగ్నల్‌ని గీతగా చూపే పరికరం) గీత ఎగిరిపడే వీడియో పంపాడు. చూసి నమ్మడం శుద్ధ తెలివితక్కువ. పొడిగా ఉన్నప్పుడు వేలితో కొడితే, నీరు దూరకుండా ఆపే సీలు పోయినదానిలో కూడా గీత అలాగే ఎగురుతుంది. పైగా గట్టిగా తట్టే అలవాటుంటే సిరామిక్‌లో పుట్టే వోల్టేజీకి ప్రీఆంప్‌లు దెబ్బతింటాయి. కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలిపే సామర్థ్యం) చూస్తే 3 నానోఫారడ్లు, తయారీదారు డేటాషీట్‌తో సరిగ్గా సరిపోయింది. అంటే సిరామిక్ పగల్లేదు, అంతే. నీరు దూరదని కాదు.

ఉప్పునీళ్లలో ఒక గంట ఉంచేసరికి సిగ్నల్ తీగకీ, దాని చుట్టూ ఉండే లోహపు షీల్డ్‌కీ మధ్య రెసిస్టెన్స్ 100 కిలోఓమ్‌లకు పడిపోయింది. మంచిదైతే గిగాఓమ్‌లలో ఉండాలి, మల్టీమీటర్‌లో ఓపెన్ అనే చూపాలి. 3 నానోఫారడ్లకు 100 కిలోఓమ్‌ల లీకేజీ తోడైతే సుమారు 530 హెర్ట్జ్ కింద స్పందన జారిపోతుంది. 250 హెర్ట్జ్ పిస్టన్‌ఫోన్‌తో (తెలిసిన మోతాదులో శబ్దం ఇచ్చే పరీక్ష పరికరం) చూస్తే ఏడు డెసిబెళ్లు తక్కువ. 5 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం అంతా బాగానే ఉన్నట్టు నటిస్తుంది! ఎక్కువగా ఆ కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఉండే ఓడల రొద కొలవాలనుకునేవాళ్ల కొంప మునిగినట్టే.

కారణం కేబులు మెడ దగ్గర ఉంది. అక్కడ రబ్బరు బీటలిస్తే సూపర్‌గ్లూ పూసి, పైన నల్లరంగు వేశాడు. ఆ జిగురు ఎండి పెళుసవుతుంది, కేబులు వంగగానే విరుగుతుంది. గోటితో గీకితే రంగు పొరగా లేచి వచ్చింది.

ఇదంతా ఫొటోలతో సహా పంపితే వచ్చిన జవాబు: "నీళ్లలో ఎందుకు వేశారండీ? తడిస్తే వారంటీ వర్తించదు."

హైడ్రోఫోన్‌ని! గొడుగు కొన్నవాణ్ణి వానలో ఎందుకు విప్పావని అడిగినట్టుంది. షోకేసులో పెట్టుకొని దండ వేసుకోవాలి కాబోలు. మళ్లీ మెసేజ్ పెడితే "మీకు వాడటం రాదు" అని బ్లాక్ చేశాడు. సర్టిఫికెట్ మీది సీరియల్ నంబరులో చివరి అంకె కేబులు మీది దానితో కలవదు. అది డబ్బు కట్టకముందే చూసుకోవాల్సింది. చూడకపోవడం నా గుడ్డితనమే.

కొనేవాళ్లు సీరియల్ నంబరు ఫొటో అడగండి. మెడని వంచి, గోటితో గీకి చూడండి. తలని (శబ్దం పట్టే కొస), మెడని రాత్రంతా ఉప్పునీళ్లలో ఉంచి (కనెక్టర్ బయటే ఉండాలి) పొద్దున రెసిస్టెన్స్ చూడండి. ప్రీఆంప్ లోపలే ఉన్న మోడల్‌కి మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టకండి, కాలిపోతుంది. పిన్నుల మొదట్లో పచ్చటి చిలుం కనబడితే నీరు అప్పటికే దూరినట్టు లెక్క.

దొరికింది మంచిదైతే పాడుచేసుకోకండి. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి, జిడ్డుంటే చుక్క గిన్నెల సబ్బు చాలు, అసిటోన్ వద్దు. కనెక్టర్‌కి సిలికాన్ గ్రీజు పలచగా రాయండి, పెట్రోలియం గ్రీజు రబ్బరుని ఉబ్బిస్తుంది. తలని కేబులు పట్టుకొని ఊపుతూ చూపించే అమ్మకందారు కనబడితే అక్కడితో బేరం ఆపేయండి.