నర్సింగ్ ఇన్‌చార్జిలకు ఆధ్యాత్మిక నాయకత్వ శిక్షణ: ఒక సమీక్ష

మా ఆసుపత్రిలోని వార్డు ఇన్‌చార్జి సిస్టర్ల కోసం ఒక ప్రైవేటు సంస్థ నిర్వహించిన ఈ శిక్షణ, పేరు విని ప్రవచనాలే ఉంటాయనుకున్నవారిని ఆశ్చర్యపరిచింది. 2003లో మేనేజ్‌మెంట్ ఆచార్యుడు లూయిస్ ఫ్రై ప్రతిపాదించిన ఆధ్యాత్మిక నాయకత్వ సిద్ధాంతంలోని లక్ష్యం, నమ్మకం, నిస్వార్థమైన ఆదరణ అనే మూడు అంశాలను పాఠంలా చెప్పి వదిలేయకుండా, రోగి మరణించిన రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ సిస్టర్‌తో మర్నాడు ఉదయం డ్యూటీ అప్పగించే (హ్యాండోవర్) సమయంలో ఎలా మాట్లాడాలో ఇద్దరిద్దరి చేత సాధన చేయించడం ఇందులో అన్నిటికన్నా విలువైన భాగం. ధ్యానానికి మాత్రం అవసరానికి మించిన సమయం కేటాయించారు. సిబ్బంది కొరతను, వరుస నైట్ డ్యూటీలను ప్రస్తావించినప్పుడు శిక్షకులు ఓర్పు గురించి నాలుగు మాటలు చెప్పి దాటవేయడం నాకు నచ్చలేదు. డ్యూటీ చార్టుపై తుది నిర్ణయం నర్సింగ్ సూపరింటెండెంటుదే కాబట్టి, ఆ స్థాయివారిని కూడా కూర్చోబెట్టకుండా ఇంత రుసుము కట్టడం దండగ.