సోలార్ ఫైలు రివ్యూ: ఏ కాగితం నిలుస్తుంది, ఏది అట్టకే అందం

ఇంటికి సోలార్ పెట్టించుకుందామని ముగ్గురిని పిలిస్తే ముగ్గురూ మూడు ఫైళ్లు పట్టుకొస్తారు. రంగు రంగుల సర్టిఫికెట్లు, గుండ్రటి ముద్రలు, పూర్తిచేసిన ఇళ్ల ఫొటోలు. ఈ రివ్యూ ఏ కంపెనీ మీదా కాదు, ఆ ఫైలు మీద. ఇక్కడ కొలబద్ద ఒక్కటే. కాగితం మీది పేరు, కప్పెక్కి పనిచేసే మనిషి, ప్యానెల్ వెనక అతికించిన సీరియల్ నంబరు. ఈ మూడూ ఒకదానికొకటి అతకాలి. అతికించలేని కాగితం ఎంత మందంగా ఉన్నా లెక్కలోకి రాదు.

ముందు బరువు కోసం పెట్టిన కాగితాలు తీసేద్దాం. ఐఎస్ఓ 9001 అన్నది కంపెనీ తన పని నడుపుకునే పద్ధతికి ఇచ్చేది, ప్యానెల్‌కు కాదు. సీఈ గుర్తు ప్యానెళ్ల విషయంలో తయారీదారు తనంతట తానే ప్రకటించుకునేది. ఇక అందరూ గొప్పగా చెప్పే ‘టియర్ 1’. బ్లూంబర్గ్ ఎన్ఈఎఫ్ అనే పరిశోధనా సంస్థ ఇచ్చే ఈ జాబితా, ఫలానా కంపెనీ ప్యానెళ్లు వాడిన ప్రాజెక్టులకు బ్యాంకులు అప్పులిస్తున్నాయా లేదా అన్నది చూస్తుంది. ఎవరూ ప్యానెల్‌ని ల్యాబ్‌లో పెట్టి ఇచ్చిన ర్యాంకు కాదది. నాణ్యతకు కొలతగా వాడొద్దని ఆ సంస్థే చెబుతుంది. పైగా అది తయారీదారుల జాబితా. ‘టియర్ 1 ఇన్‌స్టాలర్’ అని విజిటింగ్ కార్డు మీద వేసుకున్నారంటే ఆ జాబితా ఏమిటో వాళ్లకే తెలియదన్నమాట.

నిలబడే కాగితాలు రెండు: ఐఈసీ 61215, ఐఈసీ 61730 (ఐఈసీ అంటే విద్యుత్ పరికరాలకు అంతర్జాతీయ ప్రమాణాలు రాసే సంస్థ). మొదటిది ప్యానెల్ తట్టుకునే శక్తిని చూస్తుంది. మైనస్ 40 నుంచి ప్లస్ 85 డిగ్రీల మధ్య 200 సార్లు తిప్పుతారు, 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచుతారు, 25 మిల్లీమీటర్ల మంచుగడ్డని సెకనుకు 23 మీటర్ల వేగంతో కొడతారు. రెండోది షాకు, నిప్పు లాంటి ప్రమాదాలకు సంబంధించినది. సముద్రం దగ్గరైతే ఉప్పుగాలి పరీక్ష ఐఈసీ 61701 కూడా అడగాలి. పశువుల కొట్టం పక్కనైతే అమ్మోనియా పరీక్ష ఐఈసీ 62716. ఇవన్నీ ఉన్నంత మాత్రాన ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుందని కాదు. తొలి ఏళ్లలోనే బయటపడే లోపాలను చాలావరకు వడకట్టారని మాత్రమే అర్థం.

జిరాక్స్ చూసి తల ఊపితే ఈ సర్టిఫికెట్లకూ విలువుండదు. నాలుగు చోట్ల వేలుపెట్టి చదవాలి. కొటేషన్‌లో రాసిన మోడల్ నంబరు, చివరి అక్షరం దాకా, సర్టిఫికెట్ జాబితాలో ఉందా? ఒకే కంపెనీలో 540 వాట్ల మోడల్‌కి ఉండి, 580 వాట్లదానికి లేకపోవడం మామూలే. ఏ ఫ్యాక్టరీలో తయారైనవాటికి ఇచ్చారు? గడువు ఎప్పటిదాకా? నాలుగోది సర్టిఫికెట్ నంబరు. టీయూవీ రైన్‌ల్యాండ్ ఇచ్చినదైతే సర్టిపీడియా అనే సైట్లో, యూఎల్ ఇచ్చినదైతే ప్రొడక్ట్ ఐక్యూలో వెతకొచ్చు. పీడీఎఫ్‌లో తేదీ మార్చడం ఎంత సులువో తెలిసినవాళ్లెవరూ ఈ మెట్టు దాటవేయరు.

ఇప్పుడు మనుషుల సంగతి. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. లైసెన్స్ ఒకరిది, సంతకం ఇంకొకరిది, నిచ్చెనెక్కేది సబ్ కాంట్రాక్టు కుర్రాళ్లు. అమెరికాలో నాబ్‌సెప్ సర్టిఫికెట్ వ్యక్తికి ఇస్తారు, బ్రిటన్‌లో ఎంసీఎస్ గుర్తింపు సంస్థకు ఇస్తారు. ఈ తేడా ఎక్కడైనా గుర్తుంచుకోవాలి. సంస్థకు గుర్తింపు ఉన్నంత మాత్రాన వచ్చిన మనిషికి పని వచ్చని కాదు. వ్యక్తికి సర్టిఫికెట్ ఉంటే ఆ వ్యక్తి మన ఇంటికే వస్తాడని కాదు. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ ప్రోత్సాహకం రావాలంటే గుర్తింపు ఉన్న ఇన్‌స్టాలర్ పని మొదట్లో, మధ్యలో, చివరి పరీక్షప్పుడు స్వయంగా అక్కడ ఉన్నట్టు సెల్ఫీతో సహా చూపించాలి. ఆ నిబంధన మన దగ్గర లేకపోయినా ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోవచ్చు (స్ట్రింగ్ అంటే వరుసగా కలిపిన ప్యానెళ్లు): ‘ఫలానా పేరు, ఫలానా లైసెన్స్ నంబరు గల వ్యక్తి స్ట్రింగ్ కనెక్షన్లు, తుది పరీక్షలు చేసే సమయంలో హాజరుంటారు.’ లైసెన్స్ నంబరు ఇచ్చిన సంస్థ సైట్లో వెతికి, అది విద్యుత్ పనికి ఇచ్చిందా, ఉత్త వ్యాపార రిజిస్ట్రేషనా చూడాలి. వ్యాపార రిజిస్ట్రేషన్ కిరాణా కొట్టుకూ ఉంటుంది.

కాగితాలకన్నా గట్టి పరీక్ష ఒకటుంది: డిజైన్ లెక్క అడగడం. ‘మా ఊళ్లో అతి చలి రోజున స్ట్రింగ్ వోల్టేజ్ ఎంతకు పోతుంది?’ అని అడిగి జవాబు కోసం ఆగండి. ప్యానెల్ రేటింగ్ 25 డిగ్రీల దగ్గర ఇస్తారు. చల్లబడేకొద్దీ వోల్టేజ్ పెరుగుతుంది. ఉదాహరణకు ఒక్కో ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (ఏ లోడూ కలపనప్పటి వోల్టేజ్) 49.5, డిగ్రీకి 0.25 శాతం మార్పు, ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్ గరిష్ఠ పరిమితి 600 వోల్టులు అనుకుందాం. పన్నెండు ప్యానెళ్లు వరుసగా కలిపితే 594. కాగితం మీద సరిపోయింది. చలికాలం తెల్లవారుజామున ప్యానెల్ 5 డిగ్రీలుంటే ఒక్కోటి 51.98 వోల్టులకు చేరుతుంది. పన్నెండూ కలిపి 623.7. ఇన్వర్టర్ ఇన్‌పుట్ కాలిపోవచ్చు, పరిమితి దాటించారు కాబట్టి వారంటీ కూడా వర్తించదు. పదకొండైతే 571.7, నిశ్చింత. ఈ లెక్క అక్కడికక్కడ వేసి చూపించిన మనిషికి ఫైల్లో సగం పేజీలు లేకపోయినా మా ఓటు.

రెండో ప్రశ్న ఇంకా సులువు: ‘కరెంటు పోతే ఇంట్లో లైట్లు వెలుగుతాయా?’ బ్యాటరీ లేని మామూలు గ్రిడ్ ఇన్వర్టర్ కరెంటు పోగానే ఆగిపోవాలి. లైన్ మీద పనిచేసేవాళ్ల ప్రాణాల కోసం పెట్టిన ఏర్పాటు అది, దాన్ని పరీక్షించే ప్రమాణం ఐఈసీ 62116. ‘ఎండ ఉన్నంతసేపు వెలుగుతాయండీ’ అన్న సేల్స్ మనిషిని టీ ఇచ్చి పంపేయడమే.

ఎన్ని యూనిట్లు వస్తాయన్న అంచనా కూడా ఫైల్లో ఉంటుంది, సాధారణంగా కొంచెం ఉబ్బించి. ఉత్పత్తి అంచనా వేసి చూపే సైట్లు పీవీజిస్, గ్లోబల్ సోలార్ అట్లస్ రెండూ ఉచితం. మన చోటు, కప్పు వాలు ఇచ్చి పోల్చుకోవచ్చు. 3 కిలోవాట్లకు, రోజుకు సగటున 5 గంటల పూర్తి ఎండ లెక్కన 15 యూనిట్లని రాశారంటే వేడి, దుమ్ము, వైర్ల నష్టం ఏదీ తీసేయలేదన్నమాట. 11, 12 దగ్గర రాసినవాళ్లు నిజాయితీపరులు.

ఫొటోల ఆల్బమ్‌కి సున్నా మార్కులు. దాని బదులు మూడేళ్ల కిందట బిగించిన ఇల్లు ఒకటి చూపించమనండి. నెల కిందటి పని ఎవరిదైనా తళతళలాడుతుంది. మూడేళ్లకి దొంగపని బయటపడుతుంది. ఎండకి పెళుసెక్కి తెగిన, కేబుళ్లని కట్టే ప్లాస్టిక్ టైలు, కప్పుకి రాసుకుంటూ వేలాడే కేబుళ్లు, కప్పుకి కొట్టిన రంధ్రాల చుట్టూ ఉత్త సీలెంట్ పూసి వదిలేసిన మరకలు, పైనుంచి వైరు దూర్చినందువల్ల నీళ్లు దిగిన డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల కరెంటును ఆపే స్విచ్) పెట్టె. కనెక్టర్ల (ప్యానెళ్ల వైర్లను కలిపే ఎంసీ4 రకం ప్లగ్గుల) మీది పేర్లు కూడా చదవండి. ఒకవైపు ఒక కంపెనీది, రెండోవైపు ఇంకొకరి ‘ఎంసీ4 లాంటిది’ కలిపితే క్లిక్ మంటుంది, సరిగ్గా అతికినట్టే ఉంటుంది. కానీ లోపలి లోహపు పిన్నుల కొలతల్లో సన్నటి తేడా వల్ల అక్కడ రెసిస్టెన్స్ పెరిగి వేడెక్కుతుంది, చివరికి కరుగుతుంది. సోలార్ మంటలకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. క్రింప్ చేయడానికి, అంటే వైరు కొనకు లోహపు పిన్ను నొక్కి బిగించడానికి, ఏ పనిముట్టు వాడతారో అడగండి. మామూలు కటింగ్ ప్లయర్ చూపిస్తే అక్కడితో ఆపేయొచ్చు.

వారంటీ పేజీ ఫైల్లో అన్నిటికన్నా అందంగా ఉంటుంది. పాతికేళ్లు అని పెద్దక్షరాలతో వేసేది పెర్ఫార్మెన్స్ వారంటీ, అంటే ఉత్పత్తి ఏటా ఇంతకన్నా తగ్గదన్న హామీ. అది వసూలు చేయాలంటే తగ్గుదలని కొలిచి నిరూపించాలి, ఆ భారం చాలాసార్లు మన మీదే. రోజువారీ అక్కరకొచ్చేవి ప్రొడక్ట్ వారంటీ, బిగింపు పనికిచ్చే వారంటీ. పాడైన ప్యానెల్‌ని దింపే కూలీ, రవాణా ఎవరిదో అందులో రాసి ఉందా చూడాలి. పెట్టి రెండేళ్లైన సంస్థ తన పనికి పాతికేళ్ల హామీ ఇస్తే దాని బరువు రెండేళ్లే. బీమా కాగితమైతే ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేసి పాలసీ నడుస్తోందా, ఎత్తుమీద పని కవరవుతుందా అడగడం పది నిమిషాల పని.

చివరి విడత డబ్బు ఐఈసీ 62446-1 ప్రకారం పరీక్షల నివేదిక చేతికొచ్చాకే. అందులో ప్రతి స్ట్రింగ్‌కి కొలిచిన ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ కరెంటు, పోలారిటీ (ప్లస్, మైనస్ సరిగ్గా కలిపారా), ఎర్తింగ్ కంటిన్యూటీ (ఎర్త్ వైరు ఎక్కడా తెగకుండా ఉందా), ఇన్సులేషన్ రెసిస్టెన్స్ (వైర్ల తొడుగు కరెంటు లీకవకుండా ఆపుతోందా) ఉండాలి. ఇంటి స్థాయి సిస్టమ్‌కి ఇన్సులేషన్ కనీసం 1 మెగా ఓమ్. అన్ని స్ట్రింగులకీ ఒకే అంకె రాసి ఉంటే మీటర్ పెట్టి కొలవలేదని పట్టేయొచ్చు. నిజమైన కొలతలు ఎప్పుడూ కాస్త అటూఇటూ ఉంటాయి.

ప్యానెళ్లు లారీ దిగిన రోజే, కప్పెక్కకముందే, ప్రతి ప్యానెల్ వెనక స్టిక్కర్‌ని ఫోన్లో ఫొటో తీసుకోండి. ఆ సీరియల్ నంబర్లని ఫ్యాక్టరీ ఫ్లాష్ టెస్ట్ (ఒక్కో ప్యానెల్ ఎన్ని వాట్లు ఇస్తుందో కొలిచే పరీక్ష) జాబితాతో, బిల్లుతో ఒక్కొక్కటిగా టిక్కు పెట్టుకోవాలి. ఒకసారి బిగించాక ఆ స్టిక్కర్లు కప్పు వైపు తిరిగి ఉంటాయి. చదవాలంటే అద్దం పట్టుకుని పాకాల్సిందే.